రాయని కూతలు

ఈ ఉదయం బస్టాండు ముందరి హోటల్లో చాయ్ తాగుతుంటే, పక్క బల్ల దగ్గరివాళ్లు ఫోనులో ఒక చర్చ చూస్తున్నారు. కాలేజీల్లో ఆడుతున్న కబడ్డీ ఆటగాళ్లలో ఈసారి లీగు జట్లు ఎవరిని తీసుకుంటాయో, ఎవరికెంత అవకాశమో ఇద్దరు పెద్దమనుషులు శాతాలతో సహా చెప్పేస్తున్నారు. నా చాయ్ చల్లారిపోయింది. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అలాంటి జోస్యం ఒకటి మన మెదక్‌లోనూ నడిచింది. దానికి లెక్క కట్టిచ్చింది నేనే.

అప్పుడు నేను రైసు మిల్లులో కాంటా దగ్గర పనిచేసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగినా అంకెల మీద ఇష్టం పోలేదు; సగటులూ శాతాలూ పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను, బస్సు టికెట్టు మీది నంబరునైనా కూడి చూడనిదే ఊరుకునేవాణ్ణి కాదు. మా మేనత్త కొడుకు, నాకంటే పదకొండేళ్లు చిన్న, డిగ్రీ కాలేజీ జట్టులో కూతకు పోయేవాడు. ఎర్రమట్టి మీద నీళ్లు చల్లి సున్నంతో గీతలు వేసిన ఆ మైదానంలో, చర్చి గోపురం మీద ఎండ పసుపుపచ్చగా మారే వేళ, వాడు గీత దాటుతుంటే అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ముందు ఆ తడిమట్టి వాసన వస్తుంది, తరువాతే వాడి ముఖం.

మిల్లు పని వల్ల ఆటలన్నీ చూడలేకపోయేవాణ్ణి. అందుకని పాయింట్లు రాసే సారు దగ్గర కాగితాలు అడిగి తెచ్చుకుని, రెండేళ్ల ఆటలు కూర్చి, వాడు పది కూతలకు ఏడుసార్లు పాయింటు తెస్తాడని తేల్చాను. పత్రికకు వార్తలు రాసే మా పక్కింటాయన ఆ లెక్క చూసి, లీగు జట్ల కన్ను మెదక్ ఆటగాడి మీద పడినట్టు తెలిసిందని రాసేశాడు. వారం తిరక్కుండానే ఇంకో పత్రికలో రెండు జట్లు పోటీపడుతున్నాయని వచ్చింది, కేబుల్ టీవీలో అవి మూడయ్యాయి. ఏ జట్టూ ఫోను చేసింది లేదు, అయినా ఇదే హోటల్లో రోజూ అదే పంచాయితీ. "బెంగళూరు ఎందుకు తియ్, హైదరాబాదే నయం, నర్సాపూర్ మీదికెళ్లి పోయే బస్సెక్కితే దిగేది గాడనే" అని మా చిన్నాయన తీర్పు చెప్పాడు.

అప్పటికే వాడికి హైదరాబాదులో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణలో సీటు వచ్చి ఉంది. చేరితే ఆట ఆగి లీగు చేజారుతుందని వాడి భయం, చేరకపోతే బతుకేమిటని మేనత్త భయం. ఆమె నన్ను ఒక్కటే అడిగింది, నా లెక్క ఖాయమేనా అని. ఖాయమే అన్నాను.

ఆ సీటులో చేరే గడువుకు రెండు రోజుల ముందు, శంకరంపేట పోటీల్లో, సారుకు జ్వరమొస్తే పాయింట్లు రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. వాడు ఏమీ తేకుండా తిరిగొచ్చిన కూతను నేను రాయబోతే, ముసలి రెఫరీ నవ్వి, "ఉత్తగ వచ్చినయి గూడ రాస్తరానే? పాయింటొస్తెనో, అవుటైతెనో రాస్తం, గంతే" అన్నాడు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. రెండేళ్ల కాగితాల్లో వాడి ఖాళీ కూతలు ఒక్కటీ లేవన్నమాట. ఆ రోజు అన్నీ లెక్కపెడితే పదికి మూడు తేలింది. ఒక్క రోజు ఆట సగటు కాదు, నిజమే. కానీ ఏడు మాత్రం కాదని తెలిసిపోయింది.

తిరుగు బస్సులోనే వాడికి చెప్పేశాను. వాడు నవ్వాడు. "గిన్ని పేపర్లు అబద్ధం రాస్తయా బావా? ఇయ్యాల నువ్వే తప్పు లెక్కవెట్టినవేమో." ఆ పేపర్లన్నీ నా అంకెనే తిప్పి తిప్పి రాశాయని ఎంత చెప్పినా వాడికి ఎక్కలేదు. పక్కింటాయనను బతిమాలితే, దిద్దుబాటు వార్త కాదన్నాడు. చెబితే వాణ్ణి చెయ్యి పట్టుకుని బస్సెక్కించగలిగిన మనిషి మేనత్త ఒక్కతే. ఆమెకు చెప్పే ధైర్యం నాకు రాలేదు. గడువు దాటిపోయింది.

ఆ వానాకాలమంతా వాడు ఫోను గట్టు మీద పెట్టుకుని సాధన చేశాడు. పత్రికలు మెల్లగా ఇంకో ఊరి ఆటగాడి వైపు తిరిగాయి. ఇప్పుడు ఎల్దుర్తిలో వాడిది ఎరువుల దుకాణం. ఎప్పుడైనా కలిస్తే, ఆ వానాకాలంలో ఉన్నంత సంతోషంగా మళ్లీ ఎన్నడూ లేనంటాడు. అది నిజమో, నన్ను ఓదార్చడానికో తెలియదు.

ఈ రోజుల్లో ఖాళీగా తిరిగొచ్చిన కూత కూడా, ఆటగాడి ఊపిరి కుదుటపడక ముందే తెర మీదికి వస్తుంది. నాలా లెక్క తప్పడం కష్టం. ఒక ఊరు ఊరంతా అలా ఒక వానాకాలం కలలో తేలిపోవడమూ కష్టమేనేమో. మేనత్త పోయి ఆరేళ్లయింది. చివరిదాకా ఆ సీటు మాట నా ముందర ఎత్తలేదు. ఒక్కసారి అడిగి ఉంటే, ఖాయమన్న ఆ మాటను వెనక్కి తీసుకునేవాణ్ణి.