తాతకు నా మీద కోపమా అండీ

గోదావరికి ఆనకట్ట కట్టి నలభై ఏళ్లు దాటిన రోజులవి. రాజమహేంద్రవరం నార్మల్ స్కూలులో ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని, ఒక జూన్ నెలలో, నరసాపురానికి రెండు కోసుల దూరంలో కాలువ గట్టు మీదున్న మిషన్ బడిలో రెండో అసిస్టెంటుగా చేరాను. హెడ్మాస్టరు, మొదటి అసిస్టెంటు, వారి తర్వాత నేను. చిన్న తరగతులకు చదువు చెప్పడంతో పాటు బడి మొత్తానికీ హాజరు పట్టీ రాయడం నా విధి. ఏడాదికోసారి వచ్చే ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చోగానే అడిగేది ఆ పట్టీనే. బడికి సర్కారు గ్రాంటు దాన్ని బట్టే వచ్చేది. కనుక ఆ పుస్తకాన్ని మేము ఎంతో భద్రంగా చూసుకునేవాళ్లం.

మా పిల్లలు ఎక్కువమంది పొలం పనివాళ్ల బిడ్డలు. వరికోతలు మొదలైతే బడి సగం ఖాళీ అయ్యేది. తల్లులు కోతకు దిగితే చంటిపిల్లల్ని గట్టు మీద చూసుకోవలసింది ఈ ఏడెనిమిదేళ్ల వాళ్లే.

ఆ కాలంలోనే క్రిస్మస్ పెట్టెలు వచ్చేవి. మా మిషన్ పెత్తనం చూసే దొరసానిగారి స్వదేశంలో వాళ్ల సంఘం ఆడవాళ్లు గుడ్డబొమ్మలు, సంచులు, దారపు ఉండలు సర్ది పంపితే, ఓడలో కాకినాడ చేరి, అక్కణ్ణుంచి కాలువ పడవ మీద మా రేవుకు వచ్చేవి. దొరసానిగారికి పిల్లలంటే ప్రాణం. తన చిన్నప్పుడు తండ్రి చెప్పిన కథ ఆవిడ మా పిల్లలకూ చెప్పారు. మంచు కురిసే దేశంలో తెల్లగడ్డం ముసలాయన ఉంటాడనీ, ఏ బిడ్డ మంచిదో ఆయనకు తెలుసుననీ, పండక్కి కానుకలు తెస్తాడనీ. పిల్లలు ఆయనకు క్రిస్మస్ తాత అని పేరు పెట్టుకున్నారు. మంచు ఎలా ఉంటుందో నన్నడిగితే, దూది ఏకినట్టు ఉంటుందట అన్నాను. నేనూ చూసినవాణ్ణి కాను.

ఆ ఏడాది కోతల్లోనూ పిల్లలు మానకుండా బడికి వస్తారని హెడ్మాస్టరుగారు ఒక నియమం పెట్టారు. మూడు నెలల్లో పన్నెండు రోజులకు మించి మానినవారికి కానుక లేదు. దొరసానిగారు సరేనని తలూపారు. బడి మానేవాళ్లకు తాత ఏమీ తేడని పిల్లలకు చెప్పేసరికి చాలామంది రాసాగారు. పట్టీ చూసి జాబితా రాసింది నేను. నలుగురి పేర్లు మాత్రం అందులోకి రాలేదు. ఆ నలుగురిలో ఒకతె రూతమ్మ, రెండో తరగతి.

పండగనాడు బడి సావిట్లో సరుగుడు కొమ్మ నిలబెట్టి, కాగితపు పూలు కట్టాం. దొరసానిగారు ఒక్కొక్క పేరూ పిలిచి, "తాత పంపారు" అంటూ కానుక ఇచ్చారు. రూతమ్మ ముందు వరసలో తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరి పేరు అయిపోయాక కూడా కాసేపు అలాగే చూసింది. ఏడవలేదు. తమ్ముణ్ణి చంకనేసుకుని వెళ్లిపోయింది.

సెలవుల తర్వాత అందరికంటే ముందు వచ్చేది రూతమ్మే. ఎవరూ చెప్పకుండానే సావిడి ఊడ్చేది, కుండలో నీళ్లు నింపేది. బుద్ధిమంతురాలైందని హెడ్మాస్టరుగారు మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను. వారం తిరక్కుండా వాళ్లమ్మ సంతోషమ్మ బడి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

"అయ్యగారండీ, మా పిల్ల ఏం తప్పు చేసిందండీ? రోజూ అన్నం ముందు కూర్చుని తన తప్పులు చెప్పుకుంటందండీ. తమ్ముణ్ణి గిల్లిందంట, చింతకాయ దొంగిలించిందంట. తాత చూసేశాడంటందండీ. పిల్లోణ్ణి చూడమంటే, బడి మానితే తాతకి ఇంకా కోపమొస్తదని ఏడుస్తంది. నాకు పనికెళ్లడానికి లేదండీ."

హెడ్మాస్టరుగారితో చెబితే, ఊరుకోమన్నారు. ఒక పిల్లకు అసలు సంగతి చెబితే బడంతటికీ తెలుస్తుందనీ, వచ్చే పండగకు తనే మరచిపోతుందనీ ఆయన అభిప్రాయం. పై అధికారి మాట దాటడం నాకు అలవాటు లేదు. అయినా ఆ మధ్యాహ్నం అన్నాల వేళ రూతమ్మను వసారాలోకి పిలిచి, హాజరు పట్టీ తెరిచి ముందు పెట్టాను. తన పేరు తను చదువుకోగలదు.

"ఈ సున్నాలేంటండీ?" అంది.

"నువ్వు రాని రోజులు. ఇన్ని సున్నాలున్నవాళ్లకు కానుక ఇవ్వకూడదని మేం అనుకున్నాం. జాబితా రాసింది నేను. కానుకలు పెట్టెల్లో వస్తాయి, పంచేది దొరసానిగారూ మేమూ. తాత సంగతి కథమ్మా."

వేలు పెట్టి ఆ సున్నాలను ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"అయితే తాతకి నా మీద కోపం లేదాండీ?"

"లేదు."

"చింతకాయ సంగతి?"

"నువ్వు చెప్పేదాకా ఎవరికీ తెలియదు."

ఊపిరి వదిలింది. తర్వాత తలెత్తి, "మా అమ్మ కోతకెళ్తే తమ్ముణ్ణి ఎవరు చూస్తారండీ మరి?" అని గట్టిగానే అడిగింది.

తప్పు నాదేనన్నాను. బడిలో ఒక పిల్లతో ఆ మాట అనడం నాకదే మొదలు. రూతమ్మ కొంచెం ఆలోచించి, "మీరైతే నయమండీ. తాతనైతే ఎక్కడికెళ్లి అడుగుతాం?" అంది.

సాయంత్రం దొరసానిగారి బంగళాకు వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తనకు వచ్చిన తెలుగులో, "మా నాన్న చెప్పిన తాత దయగలవాడు. మనం అతని చేతికి బెత్తం ఇచ్చాము" అన్నారు. మర్నాడే ఆ నలుగురినీ పిలిపించి, పెట్టెల్లో మిగిలినవి ఇచ్చారు. రూతమ్మకు గుడ్డబొమ్మ వచ్చింది. దాన్ని తిప్పి తిప్పి కుట్టు చూసి, "ఇది కుట్టిందెవరండీ?" అని అడిగింది. తన ఊళ్లో ఒక ముసలావిడ అన్నారు దొరసానిగారు. "ఆవిడకి మనవరాళ్లున్నారాండీ?" దొరసానిగారికి తెలియదు. కనుక్కుంటానని మాటిచ్చి, ఆ వారపు టపాలోనే ఉత్తరం రాశారు.

చెప్పిన మాట విననందుకు హెడ్మాస్టరుగారు నన్ను మందలించారు. అది న్యాయమే. పన్నెండు రోజుల నియమం మాత్రం రద్దయింది. మరుసటి కోతల నుంచి, చంటిపిల్లల్ని బడికి తెచ్చుకోనిచ్చాం. వసారాలో రెండు ఉయ్యాలలు కట్టాం. పద్యాలు అప్పజెప్పేవేళ వాళ్ల ఏడుపులతో గోల గోలగా ఉండేది.

అప్పుడే ఒకనాడు, ఉయ్యాల ఊపుతూ రూతమ్మ తమ్ముడికి కథ చెప్పడం విన్నాను. క్రిస్మస్ తాత కథే. మంచు, తెల్లగడ్డం అన్నీ ఉన్నాయి. "ఆ తాతకి చదువు రాదురా. పేర్లు రాసుకోవడం తెలియదు. అందుకని అందరికీ ఇచ్చేస్తాడు" అంటోంది. నేను చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు బళ్లలో పనిచేశాను, హెడ్మాస్టరునూ అయ్యాను. తాత ఉన్నాడా అని అడిగిన పిల్లలకు ఒక్కొక్కరి వయసును బట్టి ఒక్కొక్క జవాబు చెప్పాను, కొన్నిసార్లు నువ్వేమనుకుంటున్నావని ఎదురడిగాను. అయితే పెద్దవాళ్లం చేసిన నిర్ణయాన్ని కథలోని మనిషి మీద పెట్టనివ్వలేదు. పిల్లకు ఏదైనా దక్కకపోతే, ఇవ్వనిది ఎవరో ఆ పిల్లకు తెలియాలి, వచ్చి అడగడానికి వీలుండాలి. నార్మల్ స్కూలులో ఇది నేర్పలేదు.