మట్టిలో పడిన లడ్డూ

అప్పుడు నేను చిత్తూరులో డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్‌కు బోరు వేయించాలని నిరాహార దీక్షకు కూర్చున్నాను. వారం దాటాక అధికారులు దిగొచ్చారు! పందిరి ముందు ఒకటే ఈలలు, పలక డప్పుల మోత. ఆ సంబరంలో స్నేహితులు నా నోటికి తిరుపతి లడ్డూ అందించారు. ఆత్రంగా నోరు తెరిచాను.

అంతలో మిలిటరీలో పనిచేసి వచ్చిన మా పెద్దనాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, లడ్డూను కొట్టి పారేశాడు! స్వామి ప్రసాదం మట్టిలో పడింది. పలకలు ఆగిపోయాయి. కుర్రాళ్లు ఆయన చొక్కా పట్టుకున్నారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"నన్ను కొట్టండప్పా, వానికి మాత్రం అది పెట్టొద్దండి" అన్నాడు పెద్దనాయన. "జపానోళ్లతో యుద్ధం అయిపోయినాక మలయా దేశంలో వాళ్లు ఖైదీలను పెట్టిన శిబిరం తలుపులు మేమే తెరిసినాం. లోపల అందరూ ఎముకల గూళ్లే. ఒకాయనకి నా రొట్టె, జామూ అంతా నా చేత్తోనే తినిపించినాను. నవ్వి, దండం పెట్టినాడు. తెల్లారేలోగా సచ్చిపోయినాడు. ఎండిన కడుపు అంత తిండికి తట్టుకోలేదంట. ఆయన పేరన్నా అడగలేదప్పా."

చొక్కా పట్టుకున్న చేతులు జారిపోయాయి.

పెద్దనాయన పల్చటి రాగి అంబలి తెప్పించి చెంచాతో నా నోట్లో పోశాడు. ప్రతి గుక్కకూ ఆగి నా ముఖంలోకి చూశాడు. గిన్నె ఖాళీ అయ్యాక "బతికినావు నాయనా" అన్నాడు.

ఆ మాట నా ఒక్కడితోనే అన్నాడని నేను ఇప్పటికీ అనుకోను.