పేరెత్తని బావి

బంగారుపాళ్యం తోటల్లో మామిడి కోతలు మొదలయ్యాయంటే తిరుమలమ్మకు ఊపిరాడేది కాదు. కోతకు వచ్చిన ఆడవాళ్ల పిల్లలను చెట్టుకింద కూర్చోబెట్టుకుని చూసుకోవడం ఆమె పని. కాలు కాస్త ఈడ్చేది గాని, నోరు మాత్రం తోట ఈ కొస నుంచి ఆ కొసకు వినబడేది. పుట్టలో చెయ్యి పెట్టకూడదు, లారీ వెనక ఆడకూడదు, రాలిన కాయ కోసం రోడ్డెక్కకూడదు అని ఆమె పోరినంతగా బళ్లో అయ్యవారు అక్షరాల కోసం కూడా పోరి ఉండడు.

చిక్కంతా బావితోనే. తోట నడుమ చుట్టూ గోడ లేని బావి ఒకటి నోరు తెరుచుకుని ఉండేది. గోడ కట్టించవయ్యా అని తోట ఆసామి రంగరాజును అడిగి అడిగి విసిగిపోయింది. ఆయన ఎప్పుడూ వచ్చే ఏడు అనేవాడు. ఇక లాభం లేదని, చిన్నప్పుడు వాళ్లవ్వ తనకు చెప్పిన మాటనే పిల్లలకు చెప్పింది.

"ఆ బావి నీళ్లలో అక్కగార్లు, ఏడుమంది దేవతలు ఉండారు. ఆ దిక్కు పోతే లాక్కుంటారు. వాళ్ల పేరుగాని, బావి పేరుగాని ఎత్తినారంటే, మాపటికి మీ ఇంటికే వచ్చి మీ అమ్మను ఎత్తకపోతారు."

మాట పారింది. పిల్లలు బావి వైపు చూడటమే మానేశారు. తన తెలివికి తానే మురిసిపోయింది, పిచ్చి మనిషి.

డెబ్బై ఎనిమిది వేసవిలో, కోతకు వచ్చే అక్కమ్మ కూతురు చెంగమ్మ, నాలుగేళ్ల పిల్ల, కనబడలేదు. తిరుమలమ్మ ఒక పసిబిడ్డకు ఉయ్యాల ఊపుతూ అటు తిరిగి ఉంది.

"చెంగమ్మ యాడే?" అని అడిగితే పిల్లలంతా తలలు దించుకున్నారు. బావి దగ్గరికి మాత్రం పోరని ఆమెకు గట్టి నమ్మకం. అందుకే రోడ్డు వైపు పరిగెత్తింది. అక్కమ్మ గంప పారేసి లారీల కింద వెతికింది. చివరికి ఐదేళ్ల మునెమ్మ భయంతో పావడ తడుపుకోవడం చూసి తిరుమలమ్మ దగ్గరికి తీసుకుంది.

"చెప్పు తల్లీ, నేనేమీ అనను."

"చెప్తే మాయమ్మను ఎత్తకపోతారు గదా అవ్వా."

తిరుమలమ్మ బావి వైపు తిరిగి చెట్ల మీది మగవాళ్లను కేకేసింది. మగవాళ్లు బావిలో దూకి తీసేసరికి బిడ్డలో ప్రాణం లేదు. మేకపిల్ల వెంట చెంగమ్మ పరిగెత్తడం, పడడం పిల్లలంతా చూశారు. పక్క చెట్టు మీదే మనుషులు కాయ కోస్తున్నారు. ఒక్క కేక వేసి ఉంటే బతికేది.

దినాలయ్యాక ఆమె అక్కమ్మ ఇంటికి పోయింది. తిట్టించుకోవాలనే పోయింది. అక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వేం జేస్తావు పెద్దమ్మా. అక్కగార్లు కావాలనుకున్నారు, తీసకపోయినారు."

ఆ బావిలో అక్కగార్లెవరూ లేరని చెప్పాలనుకుంది. కానీ ఆ తల్లికి మిగిలిన కాస్త ఊరటనూ లాక్కోవడానికి ఆమెకు నోరు రాలేదు. తోటంతా వినబడే నోరది.

మరుసటి ఏడు రంగరాజు గోడ కట్టించాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. తిరుమలమ్మ పిల్లలను తానే ఆ గోడ దగ్గరికి తీసుకుపోయింది.

"ఈడ ఉండేది నీళ్లే. పడితే మునిగిపోతారు. ఎవురన్నా పడితే గొంతు చినిగేటట్టు అరవండి."

రోజూ పొద్దున్నే అరిపించేది. "బావిలో పడింది, రాండి, రాండి" అని పిల్లలు ఆటగా అరిచేవాళ్లు. కాయ కోసే ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. అక్కమ్మ మాత్రం ఆ కేక విన్నప్పుడల్లా గంప దించి, బావి వైపు నాలుగడుగులు పరిగెత్తి, ఆగిపోయేది.