కొవ్వొత్తి కొండెక్కదు

"కొండెక్కించమంటే బీరువా ఎక్కించిందట!" మా బళ్ళో, పక్కనున్న ఆడపిల్లల హాస్టల్లో, డుంబ్రిగుడ సంతలో టీకొట్టు దగ్గర, ఎక్కడ విన్నా ఈ కథ ఒకేలా ఉంటుంది. టీచరుగారి అత్త పనావిడతో దీపం కొండెక్కించమందట. ఆవిడకి తెలుగు సరిగ్గా రాదు కదా, పాపం, వెలుగుతున్న కొవ్వొత్తిని తీసుకెళ్లి బీరువా మీద పెట్టిందట. ఇల్లు తగలబడిపోయిందట. అక్కడికి అందరూ నవ్వుతారు. నవ్వొచ్చే కథే, కాదనను.

కానీ ఇల్లు తగలబడలేదు. ఆ మాట అన్నది మా అత్త కాదు. మిగతాది కూడా తప్పే, దానికి తర్వాత వస్తాను. ఈ కథని సరిచేసీ సరిచేసీ నా నోరు నొప్పి పుట్టింది. ఇదే ఆఖరుసారి.

నేను సైన్సు టీచర్ని. బదిలీ మీద ఈ కొండలకొచ్చి పదకొండేళ్లు. ఇక్కడ వానలు పట్టాయంటే ఘాట్‌లో ఏదో చెట్టు విరిగి కరెంటు తీగల మీద పడుతుంది. ఇక రెండు రోజులో మూడు రోజులో చీకటే. ఇన్వర్టరు మొదటి రాత్రికే చేతులెత్తేస్తుంది. అందుకని మా ఇంట్లో బియ్యం ఉన్నా లేకపోయినా కొవ్వొత్తులుంటాయి, వాటికి నా రూల్సుంటాయి. ప్లాస్టిక్ మూత మీద అతికించొద్దు, ఇసక పోసిన గిన్నెలో నిలబెట్టు. ఒత్తి పొడుగైతే పొగ కక్కుతుంది, చల్లారాక కత్తిరించు. కిటికీ గాలికి ఎదురుగా పెట్టకు. పరదాకీ దోమతెరకీ బారెడు దూరం. మనిషి లేని గదిలో మంట ఉండటానికి వీల్లేదు. ఈ చివరి రూలు దగ్గర నేను ఎవరి మాటా వినను.

మా అత్తది విజయనగరం వైపు పల్లె. ఆవిడ రూల్సు ఆవిడకున్నాయి. మంటని నోటితో ఊదకూడదు. దీపాలవేళ 'ఆర్పు' అనే మాట నోటెంట రాకూడదు. కొండెక్కించడమే. కొత్తలో నేను కొవ్వొత్తిని ఊదబోతే వెనకనుంచి అరిచేది.

"ఊదుతావేటే! ఎంగిలి గాలి!"

"అత్తా, ఇది దేవుడి దీపం కాదు. మైనం."

"మైనమైతేటి, అగ్గి కాదా?"

చాన్నాళ్లు వాదించుకున్నాక మా ఇద్దరికీ ఒక రాజీ కుదిరింది. దేవుడి దీపం ఆవిడ లెక్కప్రకారం కొండెక్కుతుంది. కొవ్వొత్తి మీద మాత్రం పొడుగాటి స్టీలు గ్లాసు బోర్లిస్తాం. గాలి అందక అదే పోతుంది. ఊదడం లేదు కాబట్టి ఆవిడకి సంతోషం. మైనం చిందదు కాబట్టి నాకూ సంతోషం. అప్పట్నించీ మా ఇంట్లో దీపానికి 'కొండెక్కించు', కొవ్వొత్తికి 'గ్లాసు మూసెయ్'.

మా ఇంట్లో పొద్దునా సాయంత్రం పని చేసే ఆవిడది వాలు అవతల గూడెం. నా ఈడుదే. వాళ్లింట్లో మాట్లాడుకునేది ఒరియా కలిసిన భాష, తెలుగు మా ఇంట్లోనూ సంతలోనూ నేర్చుకుంది. ఆదివారం చర్చికి పోతుంది, మా అత్తకి దేవుడి పువ్వులు కోసి తెస్తుంది, ఇద్దరికీ ఏ పేచీ లేదు. ఆ వానాకాలం ఆవిడ ఒక్కదానికోసం ఎదురుచూస్తోంది, హాస్టల్లో వంటమనిషి పని. వార్డెన్ ఇస్తానంది. ఇంక వానలో జారుతూ రెండు పూటలా ఆ వాలు దిగక్కర్లేదని నాతో రెండుసార్లు చెప్పింది. ఏదైనా రెండోసారి చెప్పే మనిషి కాదు ఆవిడ.

వాన పట్టి మూడో రోజు, దీపాలవేళ. నేను లోపలి గదిలో కొవ్వొత్తి వెలుగులో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వంటింట్లో పాలు పొంగిన వాసనొస్తే లేచి పరిగెత్తాను. పొయ్యి దగ్గరికెళ్లాక నా రూలు నాకే గుర్తొచ్చింది, మనిషి లేని గది. మా అత్త దేవుడి గూడు ముందు కూర్చుని ఉంది. 'ఆర్పు' అంటే అరుస్తుంది, ఆ పూట నాకు ఎవరితోనూ గొడవపడే ఓపిక లేదు. అక్కణ్నించే పనావిడకి కేకేశాను.

"ఆ గదిలోది కొండెక్కించెయ్!"

ఆవిడ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. గోడ మీద నీడ కదలకుండా నిలబడటం నాకు కనపడింది. "బేగి!" అని తొందరపెట్టాను.

ఆవిడ కొవ్వొత్తిని గిన్నెతో సహా ఎత్తి బీరువా మీద పెట్టింది. బీరువా పైన అటక. అటక అంచునుంచి వేలాడుతూ మా అత్త చుట్టాలకి పంపడానికి దాచిన కొండచీపురు కట్టలు. ఎండిన గడ్డి, వేరే చెప్పాలా.

"ఓలమ్మో, అటకంటుకుందే!" అని మా అత్త కేక వినపడి నేనొచ్చేసరికి పనావిడ స్టూలెక్కేసింది. మండుతున్న కట్టని వట్టి చేతుల్తో లాగి, గుమ్మం దాటి వానలోకి విసిరేసింది. స్లాబు మీద చేటంత మసి మిగిలింది. మాకు జరిగిన నష్టం అంతే. ఆవిడ కుడి అరచెయ్యి మొత్తం బొబ్బలు.

మర్నాడు బళ్ళో ఈ కథ చెప్పింది నేనే.

అందరూ వానకి ముడుచుకుని కూర్చున్నారు, నవ్విద్దామనుకున్నాను. సైన్సు టీచరు కొవ్వొత్తిని కొండెక్కించమందంటే బాగోదు కదా, 'నేను' అనాల్సిన చోట 'మా అత్త' అన్నాను. బొబ్బల సంగతి చెబితే నవ్వు చెడుతుందని వదిలేశాను. అటక కాలిందన్నాను. సాయంత్రానికి అది ఇల్లయింది.

వారం తిరక్కుండా కథ హాస్టల్‌కి చేరింది. వార్డెన్ నన్ను దారిలో ఆపింది. "పిల్లలుండే చోటు టీచర్, పెద్ద పెద్ద గ్యాస్ పొయ్యిలు. చెప్పింది అర్థం కాని మనిషికి ఎలా అప్పగించమంటారు?" ఉన్నదున్నట్టు చెప్పాను, అన్నది నేనేనని, మంట ఆర్పింది ఆవిడేనని. వార్డెన్ నవ్వింది. "భలే వెనకేసుకొస్తారండీ మీ పనావిణ్ని." అబద్ధాన్ని ఒక్కసారికే నమ్మిన మనిషి నిజాన్ని మూడుసార్లు చెప్పినా నమ్మలేదు. పని ఇంకెవరికో ఇచ్చారు. ఆవిడ మా ఇంటికి రావడం కూడా మానేసింది.

మా అత్తకి సంగతంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నా పేరెట్టీసినావు, పోనీ, ముసిల్దాన్ని. దాని పేరెందుకు పాడు సేసినావే?" అని, అటు తిరిగి పడుకుంది.

చలి మొదలయ్యాక పనావిడ సంతలో కనపడింది, గోనె పరుచుకుని అల్లం అమ్ముతోంది. పక్కన కూలబడ్డాను.

"చెయ్యెలా ఉంది?"

"పూర్తిగా ముడుసుకోదు. అల్లం తవ్వడానికి సరిపోద్ది."

"నిజం చెప్పమ్మా. కొండెక్కించడమంటే నీకు తెలీదా?"

లెక్క తప్పు చేసిన పిల్లని నేను చూసినట్టు చూసింది నన్ను.

"తెలకేటి టీచరమ్మా? మీ అత్తకి ఒంట్లో బాగోనప్పుడల్లా దీపం కొండెక్కించింది ఎవులు? మొదట్లో నవ్వొచ్చేది, మనం ఉన్నదే కొండ మీద గదా, ఇంకేటెక్కుద్దీ అని. మీ ఇంట్లో దీపానికి కొండ, కొవ్వొత్తికి గ్లాసు. ఆ దినం మీరు గ్లాసనలేదు. గదిలో ఉన్నది కొవ్వొత్తి. కొవ్వొత్తి కొండెక్కదు గదా. పేపర్ల మీద పడతదని పైకెట్టమంటన్నారనుకున్నాను." కాస్త నవ్వింది. "మా చర్చిలో అయితే ఉఫ్ అని ఊదేస్తాం. ఇన్ని మాటలు మీకే."

మా ఇంటి తెలుగు మా ఇంట్లో అందరికన్నా ఆవిడకే కచ్చితంగా తెలుసు.

ఒక్కటి అడిగాను. "గుమ్మంలో ఆగావు కదా. అనుమానమొచ్చే ఆగావు. అప్పుడే నన్నడగొచ్చు కదా?"

ఈలోగా ఎవరో బేరానికొచ్చారు. ఆవిడ మంచి చేత్తో తక్కెడ ఎత్తింది. బేరం అయిపోయాక నాకూ ఓ గుప్పెడు అల్లం కాగితంలో చుట్టి ఇచ్చి, "మబ్బట్టింది, పోండి టీచరమ్మా" అంది.

వచ్చేశాను. మా అత్త నాతో రోజూ వాదిస్తుంది. నేను బళ్ళో అందరితో వాదిస్తాను. ప్రశ్న అడగని పిల్లలకి చదువు రాదని క్లాసులో కేకలేస్తాను. మరి ఏళ్ల తరబడి మా ఇంట్లో మసలిన మనిషి, కొవ్వొత్తి ఎదురుగా ఉండగా, "ఏటి టీచరమ్మా?" అని ఆ ఒక్క మాట నన్నెందుకు అడగలేకపోయింది?