లైవ్ వ్యూలో వేణు

2023లో నేను గురుగ్రామ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఐటీ అడ్మిన్‌గా ఉన్నాను. అప్పటికి అక్కడ చేరి పదకొండేళ్ళు. మూడు వందల మంది లాప్‌టాప్‌లు, పాస్‌వర్డ్‌లు, ప్రింటర్లు నా చేతిలో ఉండేవి. ఏదైనా ఆగిపోతే అందరికీ నేను గుర్తొస్తాను, అన్నీ సవ్యంగా నడుస్తుంటే నేనొకణ్ణి ఉన్నానన్న సంగతే ఎవరికీ పట్టదు. మా పని తీరే అంత. దానికి అలవాటుపడిపోయాననే అనుకునేవాణ్ణి, వేణుగోపాల్ వచ్చేదాకా.

వేణుది నల్గొండ, నాది కాకినాడ. మా అంతస్తులో తెలుగువాళ్ళం మేమిద్దరమే కాబట్టి నెలకోసారి ఢిల్లీ అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీన్ దాకా వెళ్ళి మన భోజనం చేసి వచ్చేవాళ్ళం. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు. ఉద్యోగం ఆర్కిటెక్ట్, అంటే సాఫ్ట్‌వేర్‌ను ఎలా కట్టాలో ముందుగా గీసిపెట్టే మనిషి. వచ్చిన ఏడాదికే డైరెక్టర్లు అతని భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవారు. నన్ను మాత్రం పదకొండేళ్ళుగా ‘ఐటీవాలే భయ్యా’ అనే పిలిచేవారు.

అతను తనను లిబర్టేరియన్ అని చెప్పుకునేవాడు. పప్పులో నెయ్యి కలుపుకుంటూ నాకు పాఠం చెప్పేవాడు.

“సర్కారు మన జోలికి రావొద్దన్నా. ఇద్దరు మనుషులు ఇష్టపడి ఒప్పందం చేసుకున్నంక నడుమ మూడోవానికి పనేంది?”

సిమ్ కార్డు కోసం వేలిముద్ర అడిగినందుకు షాపువాడితో గంటసేపు వాదించిన మనిషి. అతని వాదన నాకు నచ్చేది కాదు. పక్క టేబుల్ వాళ్ళు తినడం ఆపి మరీ వినడం అంతకన్నా నచ్చేది కాదు.

ఆ ఎండాకాలం మా కంపెనీ ఉద్యోగులను కనిపెట్టి ఉండే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ కొంది. అది ఐదు నిమిషాలకోసారి మన స్క్రీన్‌ను ఫొటో తీస్తుంది. మౌసు, కీబోర్డు కదలని సమయాన్ని ‘ఐడిల్ టైమ్’ అని రాసుకుంటుంది. అడ్మిన్‌కి ‘లైవ్ వ్యూ’ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే ఎవరి స్క్రీన్‌నైనా, వాళ్ళకు తెలియకుండా, అప్పటికప్పుడు చూడొచ్చు. హెచ్‌ఆర్ నుంచి టికెట్, అంటే నంబరు వేసిన అనుమతి, వస్తేనే చూడాలని నియమం. టికెట్ లేకపోయినా బటన్ మాత్రం పని చేస్తుంది. ఇద్దరు ఒప్పుకుంటేనే అది తెరుచుకునేలా చేయాలని నేను నాలుగు పేజీల నోట్ రాసి పైవాళ్ళకు పంపాను. ఒక్కరూ చదవలేదు.

తర్వాత అందరినీ కూర్చోబెట్టి మీటింగ్ పెట్టారు. జనం గొణుగుతుంటే వేణు లేచాడు. చేతిలో కాగితం ముక్క కూడా లేదు. పోలీసు నన్ను చూస్తే కోర్టుకు వెళ్తాను, ఎందుకంటే పోలీసును నేను ఎంచుకోలేదు అన్నాడు. కంపెనీని ఎంచుకున్నది నేనే, చూస్తామని ముందే చెప్పి సంతకం అడుగుతున్నారు, నచ్చినవాళ్ళు పెడతారు, నచ్చనివాళ్ళు మానేస్తారు అన్నాడు. చప్పట్లు కొట్టారు. నా నాలుగు పేజీలు అతని నాలుగు మాటల కింద పడి నలిగిపోయాయి.

లిఫ్ట్ దగ్గర పట్టుకుని అడిగాను. “నచ్చకపోతే మానెయ్యడం నీకు తేలికే తమ్ముడూ. నాకు నోయిడాలో ఫ్లాటు లోను ఇంకా పద్నాలుగేళ్ళుంది. మా అమ్మాయి లక్ష్మీ నగర్‌లో సీఏ కోచింగ్‌లో ఉంది. నేనెలా మానేస్తాను?”

“లోన్ సుత మీరు ఇష్టపడి పెట్టిన సంతకమే గదన్నా,” అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున కుర్చీలో కూర్చోగానే లైవ్ వ్యూ తెరిచి అతని పేరు నొక్కాను. టికెట్ లేదు. ఈ ఒక్కసారే అనుకున్నాను.

ఆ ఒక్కసారి ఆరు వారాలు సాగింది. అతని డ్రాయింగులు చూశాను. అతనికొచ్చే మెచ్చుకోళ్ళు, బెంగళూరు నుంచి వచ్చిన ఉపన్యాసం ఆహ్వానం, డైరెక్టర్ రాసే ‘నువ్వు లేకపోతే ఎలా’ మెయిళ్ళు అన్నీ చదివాను. పొగడ్త కనిపిస్తే కడుపు మండేది, తప్పు కనిపిస్తే హాయిగా ఉండేది. తప్పులు బొత్తిగా తక్కువ కనిపించేవి. ఇంటికొచ్చి అన్నం ముందు కూడా అతని కబుర్లే చెబుతుంటే మా ఆవిడ లలిత విసుక్కుంది.

“పెళ్ళిచూపులనాడు నన్నైనా ఇంత పట్టి చూడలేదు మీరు. ఏం చేశాడండీ ఆ అబ్బాయి మిమ్మల్ని?”

ఏమీ చేయలేదు. అదే నా బాధ.

చివరికి ఒకటి దొరికింది. వేణు ఐడిల్ టైమ్ రోజూ సున్నా. నీళ్ళు తాగడానికి లేచినా మనిషికి సున్నా రాదు. లోతుగా చూస్తే అతని మౌసు సెకనుకోసారి వెంట్రుకవాసి కదులుతోంది. లేచి అతని సీటు దగ్గరికి వెళ్ళాను. కుర్చీ ఖాళీ. బల్ల మీద పాత ముళ్ళ చేతిగడియారం, దాని అద్దం మీద మౌసు. సెకన్ల ముల్లు తిరిగిన ప్రతిసారీ మౌసు అడుగునున్న లైటు తానే కదిలానని లెక్క వేసుకుంటుంది. కిటికీలోంచి చూస్తే అతను కింద చాయ్ బండి దగ్గర బల్ల మీద నోట్‌బుక్ పెట్టుకుని ఏదో గీస్తున్నాడు. పదకొండేళ్ళలో నాకు అంత సంతోషం కలిగిన రోజు లేదు. మధ్యాహ్నానికల్లా రిపోర్టు రాసి పంపేశాను. అది రుజువైతే అతని ఉద్యోగం పోతుందని నాకు తెలుసు.

మూడో రోజు హెచ్‌ఆర్ హెడ్ అరోరా మేడమ్ మా ఇద్దరినీ పిలిచింది.

“వేణు, యే సచ్ హై?”

నిజమేనని వెంటనే ఒప్పుకున్నాడు. తను ఆలోచించేది కాగితం మీద, నడుస్తూనని, దాన్ని ఆ సాఫ్ట్‌వేర్ పని కాదంటోందని చెప్పాడు. అయినా సంతకం పెట్టి మోసం చేశాను, తప్పు నాదే అన్నాడు.

మేడమ్ నా రిపోర్టు నా వైపు తిప్పింది. “ప్రసాద్ జీ, ఇందులో టికెట్ నంబర్ ఏది?”

తర్వాత ఇంకో కాగితం తీసింది. అది ఆడిట్ లాగ్. అడ్మిన్ ఎప్పుడు ఏ బటన్ నొక్కాడో రాసి, నెలకోసారి మేడమ్‌కి మెయిల్ పంపే చిట్టా. ఇన్‌స్టాల్ చేసిన రోజు దాన్ని ఆన్ చేసింది నేనే. అతన్ని చూడటంలో పడి నన్ను చూసేది కూడా ఉందన్న సంగతే మరిచిపోయాను. మిగతా ఉద్యోగుల స్క్రీన్‌లు తెరిచింది సున్నా. వేణుది నాలుగు వందల ఆరు సార్లు.

వేణు ఆ కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“నా స్క్రీన్‌ల ఏముందన్నా అంతగనం?”

ఉన్నది నా అసూయ.

నా మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే నన్ను తీసేస్తామని, అతని గడియారం సంగతి హెచ్చరికతో సరిపెడతామని మేడమ్ వేణుకి చెప్పింది. నా పద్నాలుగేళ్ళ లోను, మా అమ్మాయి చదువు అతని పెన్ను కింద ఉన్నాయి. అతను రాయనన్నాడు. సాయంత్రం రాజీనామా పంపాడు. చేతిలో ఇంకో ఉద్యోగం లేదు.

చివరి రోజు అకౌంట్ మూసే పని నాదే కాబట్టి లాప్‌టాప్ ఇవ్వడానికి నా దగ్గరికే వచ్చాడు. ఎందుకు వెళ్తున్నావని అడిగాను.

“నచ్చకుంటే మానెయ్యాలని అందరి ముందట నేనే అంటి గదన్నా. చూసేటోనికి సుత ఒక మనసుంటదని అప్పుడు తెల్వకపాయె,” అన్నాడు. గడియారం చేతికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాకు హెచ్చరిక లేఖ ఇచ్చి వదిలేశారు. కృతజ్ఞత కలగాలి. కలిగింది కూడా, కాకపోతే దాని పక్కనే పాత మంట కూర్చుని ఉంది. తన మాట మీద తను నిలబడి నడిచి వెళ్ళిపోగలిగాడు. నేను నా మాట మీద నిలబడాలన్నా జీతం పడే తేదీ చూసుకోవాలి.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. చూసే అధికారం ఒక్కడి చేతిలో ఉంటే, ఆ రోజు వాడి కడుపులో ఏది మండుతుంటే దాని కోసమే వాడుకుంటాడు. నేను చెడ్డవాణ్ణని ఎవరూ అనరు, నేను చేసింది మాత్రం అదే. ఆ నెలలోనే నా పాత నోట్‌ను మళ్ళీ పంపాను. ఈసారి చదివారు, ఒప్పుకున్నారు. ఇప్పుడు లైవ్ వ్యూ తెరవాలంటే ఇద్దరు అనుమతించాలి. ఆ నాలుగు పేజీల్లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

రాసింది నేనైనా, అతను వెళ్ళిపోయాకే వచ్చింది కాబట్టి ఆఫీసులో అందరూ దాన్ని ‘వేణు రూల్’ అంటారు. టికెట్ వచ్చిన ప్రతిసారీ ‘వేణు రూల్ ప్రకారం సరిచూశాను’ అన్న గడిలో నేను టిక్కు పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ మండుతుంది. పెడుతూనే ఉన్నాను.