కలువాయి ఆపరేటర్ ముగించిన ప్రార్థన

నవంబరు మూడోవారంలో మమ్మల్ని మంచుకొండల్లోని సైనిక పోస్టు దగ్గర దించారు. ఎత్తు పదిహేడు వేల అడుగులు. ఆరుగురం. ఒక గుడిసె, కిరోసిన్ స్టవ్వు, రేడియో సెట్టు. సెట్టు నా బాధ్యత. మూడు కిలోమీటర్ల దూరంలో, ఇంకాస్త ఎత్తున ఇంకో పోస్టు. అక్కడి ఆపరేటర్‌ది కలువాయి, నాది ఆత్మకూరు. ఇద్దరం బాప్టిస్టు ఇళ్లలో పుట్టినవాళ్లమే. గంటకోసారి మాట్లాడాలని ఆర్డరు. పని మాటలయ్యాక ఊళ్ల పేర్లతో పిలుచుకునేవాళ్లం.

డిసెంబరు ఇరవై ఒకటిన మంచు పట్టుకుంది. కిటికీ పూడిపోయింది. మిట్టమధ్యాహ్నం కూడా లాంతరు వెలిగించాల్సి వచ్చేది. ఇరవై మూడు ఉదయం పదింటికి వాడి గొంతు మారింది.

"ఆత్మకూరూ, ఊపిరి సరిగ్గా ఆడలా. రొమ్ములో నీరు చేరిందంటుండారు."

"ఆక్సిజన్ ఉండాదా?"

"ఒక్క సిలిండరు ఉండాది."

పైకి వెళ్తానన్నాను. మా పోస్టు పెద్ద సుబేదార్ గారు తలుపు తీసి చూపించారు. నడుంలోతు మంచు. దారి ఆనవాలే లేదు. "ఎవరూ కదలొద్దు. హెలికాప్టర్ అడిగాను," అన్నారు. అది ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. నేను చేయగలిగిందల్లా గంటగంటకీ బటన్ నొక్కి "కలువాయీ" అని పిలవడం.

క్రిస్మస్ ఉదయం తొమ్మిదికి వాడు ప్రార్థన చెయ్యమన్నాడు. రేడియోలో అలాంటివి కుదరవు. సుబేదార్ గారు విననట్టు ముఖం తిప్పుకున్నారు. "ప్రభువా, నా స్నేహితుణ్ణి..." అంతే. బటన్ వదిలేశాను.

"ఏందిరా, ఏడస్తుండావా? నాకు భయం లేదురా. ఆయన నా పక్కనే ఉండాడు. నువ్వే ఆడ చీకట్లో కూర్చోనుండావని దిగులు."

మాటమాటకీ ఆగుతూ నా ప్రార్థన వాడే ముగించాడు.

పదకొండుకి మబ్బు విడింది. హెలికాప్టర్ వచ్చి వాణ్ణి ఎక్కించుకుంది. నేను మంచులో మోకరించి దేవుణ్ణి స్తుతించాను. రెండింటికి బేస్ నుంచి కబురు. దారిలోనే ప్రాణం పోయింది.

మార్చిలో సెలవు దొరికింది. ఆత్మకూరులో దిగి, ఇంటికి పోకుండా కలువాయి బస్సెక్కాను. వాళ్లమ్మ నా చేయి పట్టుకుంది.

"అబ్బయా, నా బిడ్డ దిగులుపడినాడా?"

"నాకోసం పడినాడమ్మా. వాడికోసం పడలా."

"వాడికి వెలుగు దొరికిందిలే. నీకూ దొరకాలని అడగతాను," అంది.

ఇప్పుడు సర్వీసు అయిపోయింది. ఏటా క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటారు. వాడు ప్రార్థన ముగించిందాకా చెప్పి కూర్చుంటాను. తర్వాతిది నోట రాదు. వాణ్ణి ఎక్కించుకుని హెలికాప్టర్ మా మీదుగానే వెళ్లింది. ఎండలో దాని నీడ మంచు మీద జారుతూ వచ్చి, రెండు చేతులూ ఊపుతున్న నన్ను దాటిపోయింది. అప్పటికి వాడు బతికే ఉన్నాడో లేదో నాకు తెలియదు.