కనబడని ఎర్రకణాలు

కరోనా వార్డును ఎత్తేసి మళ్ళీ మామూలు వార్డుగా మార్చాక వచ్చిన మొదటి మిరప కోతల కాలమది. అప్పుడు నేను ప్రకాశం జిల్లాలో, గుంటూరు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక యాభై పడకల ప్రభుత్వ ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2గా పనిచేస్తున్నాను. సర్వీసు ముప్ఫై ఏళ్ళు నిండింది. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళుంది. మంజూరైన పోస్టులు మూడు, పనిచేస్తున్నది నేనొక్కదాన్నే. ఆ నెలలో ఊళ్ళన్నీ జలుబు, జ్వరాలతో మూలుగుతున్నాయి. ఉదయం తొమ్మిదికి ల్యాబు తలుపు తీసేసరికే వరండా నిండిపోయేది.

ఆ రోజు ఆడవాళ్ళ వార్డు నుంచి వచ్చిన సీసాల్లో ఒకటి వేరుగా కనిపించింది. అందులో మూత్రం పాలు పోయని టీ డికాషన్ రంగులో ఉంది. చీటీ మీద కోటేశ్వరమ్మ, ముప్ఫై ఎనిమిదేళ్ళు, ఒళ్ళు నొప్పులు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అనుమానం అని రాసి ఉంది.

మూత్ర పరీక్షలో రెండు భాగాలుంటాయి. మొదట స్ట్రిప్ ముంచుతాం. దాని మీద ఉన్న చిన్న గడులు రంగు మారడాన్ని బట్టి చక్కెర, ప్రోటీన్, రక్తం ఉన్నాయో లేవో తెలుస్తుంది. తర్వాత మూత్రాన్ని యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున దిగిన మడ్డిని గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో కణాలు లెక్కపెడతాం. కోటేశ్వరమ్మ స్ట్రిప్‌లో రక్తం గడి నిమిషం కాకముందే ముదురాకుపచ్చకు తిరిగింది. రక్తం బాగా పోతోందని దాని అర్థం. కానీ మైక్రోస్కోపులో ఒక్క ఎర్రకణం కూడా లేదు. పలకను నాలుగు వైపులా జరిపి చూశాను. లేదు.

బయట నలభై మంది ఉన్నారు. అలా పొంతన లేని రిపోర్టు పంపితే డాక్టరు ఫోన్ చేస్తారు, మళ్ళీ పరీక్ష చేయాలి, క్యూ ఆగిపోతుంది. మడ్డి సరిగ్గా దిగలేదేమో, లేదా కణాలు పగిలిపోయాయేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. స్ట్రిప్‌కు సరిపోయేలా ఎర్రకణాల గడిలో ‘ఎనిమిది నుంచి పది’ అని రాశాను. చూడనిదాన్ని చూసినట్టు రాయడం నా సర్వీసులో అదే మొదటిసారి అని చెప్పలేను. కానీ అది గుర్తుండిపోయింది.

ఆమె రక్తం నమూనా పదకొండున్నరకు వచ్చింది. ఫలితాలు తేలేసరికి ఒంటి గంట దాటింది. మూత్రం నల్లగా వస్తోందని ఇంటివాళ్ళు కామెర్లంటూ గొడవ చేయడంతో డాక్టరు గారు కాలేయ పరీక్షలు కూడా రాశారట. కామెర్లలో పెరగాల్సిన బిలిరుబిన్ మామూలుగానే ఉంది. నలభై లోపు ఉండాల్సిన ఎస్‌జీఓటీ అనే ఎంజైమ్ మాత్రం తొమ్మిది వందలు దాటింది. దీన్ని చాలామంది కాలేయానికి సంబంధించినదే అనుకుంటారు గాని, అది కండరాల్లో కూడా ఉంటుంది. కాలేయం దెబ్బతింటే దానితో పాటు పెరగాల్సిన ఎస్‌జీపీటీ రెండు వందల దగ్గరే ఆగింది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుకు రెండింతలుంది. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశాను. రక్తకణాలు పగిలితే పైన తేలే సీరం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇది తేటగా, లేత పసుపుగా ఉంది.

అప్పుడు పొద్దుటి గాజుపలక గుర్తొచ్చింది. కండరం చిట్లినప్పుడు అందులోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ రక్తంలోకి కారి, మూత్రపిండాల గుండా బయటికి వస్తుంది. స్ట్రిప్ దాన్నీ రక్తమనే చూపిస్తుంది. కణాలు మాత్రం ఉండవు. అంటే ఆ పూట నేను చూసిన శూన్యమే అసలు రిపోర్టు. నేను దాన్ని కొట్టేసి పంపాను.

ల్యాబుకు తాళం వేసి వార్డుకు వెళ్ళాను. కోటేశ్వరమ్మ మిరప కోతలకు వెళ్ళే పన్నెండు మంది ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రి. మనిషి దృఢంగా ఉంది. కానీ మంచం మీద పక్కకు ఒత్తిగిలడానికి భర్త అంజయ్య రెండు చేతులూ పట్టాల్సి వస్తోంది. ఏమైందని అడిగాను.

“నాలుగు రోజులు జ్వరమమ్మా, ముక్కులు కారడం, దగ్గు. అది తగ్గిందిలే అని చేలోకి పోయా. మొన్న వంగి కోస్తా ఉంటే తొడలు కొయ్యబారిపోయినయ్. నిన్నట్నించి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.”

నీళ్ళు ఏపాటి తాగుతున్నావని అడిగాను.

“చేలో ఏం నీళ్ళమ్మా? తాగితే మళ్ళీ ఎక్కడికి పోవాల? చుట్టూ మగోళ్ళు. ఇంటికొచ్చినాకే తాగేది.”

డాక్టర్ కిరణ్ కొత్తగా ఉద్యోగంలో చేరిన సివిల్ అసిస్టెంట్ సర్జన్. నా కొడుకు వయసు ఉంటుంది. నెమ్మదస్తుడు. నా కాగితాలు చూసి కేసు షీటు తీశారు. పొద్దుటి రిపోర్టును బట్టి మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్, రాయి అనుకుని యాంటీబయాటిక్‌తో పాటు నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ మందు మామూలు మనిషికి ఫరవాలేదు గాని, దెబ్బ తింటున్న మూత్రపిండాలకు మంచిది కాదు. రెండో డోసు రెండు గంటలకు ఉంది. అప్పటికి ఇంకా పదిహేను నిమిషాలే ఉంది.

కండరాల వాపు కావచ్చని, జ్వరం తెచ్చిన వైరస్సే కండరాన్ని దెబ్బతీసి ఉండవచ్చని చెప్పాను. ఆయన తల పైకెత్తారు.

“కండరాలదైతే కణాలు ఉండకూడదు కదా మేడం? ఎనిమిది నుంచి పది అని రాశారు మీరే.”

రెండో నమూనా తెప్పించి చూశానని, అందులో కణాలు లేవని చెప్పి తప్పుకోవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అలా చెబితే ఆయన ఏ రిపోర్టును నమ్మాలో తేల్చుకోవడానికి మూడో పరీక్ష అడుగుతారు, ఇంకో గంట పోతుంది.

“నాకు ఒక్క కణం కూడా కనపడలేదండీ. స్ట్రిప్‌తో కలవడానికి రాశాను. తప్పు నాది” అన్నాను.

ఆయన కేసు షీటులో డైక్లోఫెనాక్‌ను కొట్టేశారు. నర్సును పిలిచి ఇంజెక్షన్ ఆపమన్నారు. సెలైన్ వేగం పెంచమని, గంటగంటకూ మూత్రం కొలిచి రాయమని చెప్పారు. కండరాల ఎంజైమ్ సీపీకే కోసం రక్తం తీయమన్నారు. ఆ పరీక్ష మా దగ్గర లేదు. నమూనాను ఐస్ డబ్బాలో పెట్టి జిల్లా ఆస్పత్రికి పంపే ఏర్పాటు నేను చేశాను.

ఈలోపు అంజయ్య బట్టలు మూట కడుతున్నాడు. పక్క ఊళ్ళో కామెర్లకు పసరు పోసే ఆయన ఉన్నాడని, పరగడుపున మూడు రోజులు పోస్తే తగ్గుతుందని ఎవరో చెప్పారట.

“కామెర్లు కాదయ్యా. పరీక్షలో అవి లేవు. కండరం చిట్లి మూత్రంలో పోతోంది” అన్నాను.

“కండ మూత్రంలో పోవడమేందమ్మా? అదేమన్నా మైనమా కరగడానికి?” అని అతను గొంతు పెంచాడు.

నేను స్ట్రిప్ తెచ్చి అతని ముందే మళ్ళీ ముంచాను. ఆకుపచ్చకు తిరగడం చూపించాను. తర్వాత ల్యాబుకు తీసుకెళ్ళి మైక్రోస్కోపులో చూడమన్నాను. ఆ మధ్యాహ్నమే వచ్చిన ఇంకొకరి మూత్రంలో రక్తకణాలున్న పలక ఉంటే దాన్నీ పక్కన పెట్టాను. అతను ఒకదానిలో చుక్కలున్నాయని, రెండోదానిలో లేవని చెప్పాడు. చాలాసేపు మైక్రోస్కోపు మీది నుంచి ముఖం తీయలేదు.

“పసరు పోయిస్తే ఏమైద్ది?” అని మెల్లగా అడిగాడు.

మూత్రపిండాలు ఇప్పటికే కష్టపడుతున్నాయని, ఏముందో తెలియని రసం పోస్తే ఆగిపోవచ్చని చెప్పాను. అతను వెళ్ళి మూట విప్పాడు.

సాయంత్రం నాలుగయ్యేసరికి మూత్రం గంటకు పది మిల్లీలీటర్లకు పడిపోయింది. రక్తంలో పొటాషియం పెరగడం మొదలైంది. అది పెరిగితే గుండె ఆగే ప్రమాదముంది. అంబులెన్సులో జిల్లా ఆస్పత్రికి పంపారు. స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఎన్ని నీళ్ళు తాగమంటే అన్ని తాగుతానమ్మా. నా కాళ్ళు నాకొస్తయ్యా?”

వస్తాయని నాకు తెలియదు. డాక్టర్లు చూస్తారని చెప్పాను.

మర్నాడు సీపీకే ఫలితం ఫోనులో చెప్పారు. రెండు వందల లోపు ఉండాల్సింది ముప్ఫై ఎనిమిది వేలు దాటింది. గొంతు నమూనాలో ఇన్‌ఫ్లూయెంజా వైరస్ ఉన్నట్టు ఆ తర్వాత తేలింది. ఈ జ్వరం తర్వాత కాళ్ళ నొప్పులు చాలామందికి వస్తాయి, వారంలో తగ్గిపోతాయి. కండరం ఇంతగా చిట్లడం అరుదు. జ్వరం తగ్గీ తగ్గకముందే ఎండలో ఒళ్ళు వంచి పనిచేయడం, నీళ్ళు తాగకపోవడం తోడయ్యాయని అక్కడి ఫిజీషియన్ రాశారు. ఆమెకు రెండుసార్లు డయాలసిస్ చేశారు. మూడు వారాలకు మూత్రపిండాలు దారికొచ్చాయి. నడక రావడానికి ఇంకా రెండు నెలలు పట్టింది. ఆ ఏడు కోతలకు ముఠాను ఇంకొకరు నడిపించారు.

నేను రిజిస్టరులో ఆ అంకెను ఒక్క గీతతో కొట్టి, పక్కన ‘కణాలు లేవు’ అని రాసి, టైము వేసి సంతకం చేశాను. దిద్దుబాటు చేయాల్సిన పద్ధతి అదే. గీత కింద ఉన్న పాత అంకె కనబడాలి. సూపరింటెండెంటుకు లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చాను. మెమో వచ్చింది, సర్వీసు రిజిస్టరులో చేరింది. నా తప్పు రిపోర్టు వల్ల పోయిన ఆ నాలుగు గంటలు, ఆ ఒక్క ఇంజెక్షను లేకపోతే డయాలసిస్ తప్పేదా అని డాక్టర్ కిరణ్‌ను ఒకసారి అడిగాను. చెప్పలేమన్నారు. తప్పేదని అనలేదు, తప్పేది కాదనీ అనలేదు.

రెండు పరీక్షలు ఒకదానితో ఒకటి కలవనప్పుడు, ఆ కలవకపోవడమే రిపోర్టు. దాన్ని సర్దడం టెక్నీషియన్ పని కాదు. మిగిలిన రెండేళ్ళూ అలాంటి నమూనా వచ్చిన ప్రతిసారీ ఉన్నదున్నట్టు రాసి, వార్డుకు ఫోన్ చేశాను. ఎక్కువసార్లు కారణం ఏమీ ఉండేది కాదు. సీసా కడిగిన బ్లీచింగ్ మిగిలి ఉండేది, లేదా స్ట్రిప్ పాతదై ఉండేది. డాక్టర్లు కొందరు విసుక్కున్నారు. క్యూ ఆగింది. ఫోన్ మాత్రం మానలేదు.